తమ్ముడి సంచిలోకి ఒక చిన్న రైఫిల్

మార్చి మొదటి వారంలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి తమ్ముడు వీడియో కాల్ చేశాడు. వాడు ఉండేది అలాస్కాలోని యాంకరేజ్‌లో. మనకి రాత్రి తొమ్మిదిన్నర అయితే వాడికి అదే రోజు పొద్దున్న ఏడు. ఆఫీసుకి బయల్దేరే ముందు అమ్మతో రెండు ముక్కలు మాట్లాడి వెళ్లడం వాడికి అలవాటు. ఆ రోజు మాత్రం ముందుగా నన్ను పిలవమన్నాడు.

"అన్నయ్యా, ఆగస్టులో తొమ్మిది రోజులు అడవిలోకి వెళ్తున్నాం. నేనూ, మా ఆఫీసులో ఇంకొకతనూ. నీళ్ల మీద దిగే చిన్న విమానం మమ్మల్ని ఒక సరస్సులో దింపేసి వెళ్లిపోతుంది. మళ్లీ తొమ్మిదో రోజున వస్తుంది. పొగమంచు కమ్మితే ఆ రోజు రాదు, ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకని సంచిలో పట్టే తేలికపాటి రైఫిల్ ఒకటి తీసుకుందామనుకుంటున్నా. ఏది బాగుంటుందో నువ్వు చూసి చెప్పవా?"

నన్నెందుకు అడిగాడంటే, నేను విశాఖలోని గాజువాక ఆటోనగర్‌లో ఒక మెషిన్ షాపులో ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాను. ఇనుప వస్తువు ఏదైనా సరే, విప్పి చూడకుండా ఉండలేనని వాడికి తెలుసు. సెలవు దొరికితే పాడేరు వైపో, అనంతగిరి వైపో కొండలెక్కుతానని కూడా తెలుసు. తుపాకీతో నా పరిచయం అంతా డిగ్రీలో ఎన్‌సీసీ పాయింట్ 22 (అంటే 0.22 అంగుళాల లావు తూటా) రైఫిల్‌తో బోర్లా పడుకుని కాల్చిన ఐదు తూటాలు. ఆ సంగతి చెప్పినా వాడు వినలేదు. "నీకు బరువు తెలుసు, యంత్రం తెలుసు. మిగతాది చదువుకుంటావు" అన్నాడు.

పక్కనే కూర్చున్న అమ్మ అంతా విన్నది. "తుపాకీ ఏట్రా? పెళ్లాం, పిల్లా ఉన్నోడివి. ఏ జంతువో వస్తాదని తెలిసీ అలాంటి చోటికెందుకు?" అంది. తమ్ముడు నవ్వి మాట మార్చాడు గానీ, ఆ ప్రశ్న నాకు పట్టుకుంది. ఈ రైఫిల్ అసలు దేనికి? ఎలుగుబంటికా, ఆకలికా? ఆ రెండింటికీ ఒకే తుపాకీ పనికిరాదు. తేల్చుకోవాల్సింది ముందు ఇదే.

అలాంటి తుపాకుల చరిత్ర వెతుక్కుని చదవడానికి రెండు వారాలు పట్టింది. ఈ రకం పుట్టిందే విమానం కూలి అడవిలో పడిన పైలట్ల కోసం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా వైమానిక దళం ముందు ఎం4 అనే విడదీసే రైఫిల్‌ని, తర్వాత ఎం6 అనేదాన్ని సీటు కింది కిట్‌లో పెట్టింది. ఎం6కి పైన ఒక గొట్టం, కింద ఒక గొట్టం. పైది పాయింట్ 22 హార్నెట్ తూటాకి, కిందిది పాయింట్ 410 రవ్వల తూటాకి, అంటే ఒకేసారి చాలా చిన్న గుళ్లు చిమ్మేదానికి. మధ్యకి మడిచేయొచ్చు. ట్రిగ్గర్ బదులు వెడల్పాటి పట్టీ ఉంటుంది, చలికి మందపాటి చేతి తొడుగులు వేసుకున్నా నొక్కడానికి. తూటాలు బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) లోపలే దాచుకోవచ్చు. ఆ పట్టీ బొమ్మ చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. వాడే మనిషి చెయ్యి ఎలా ఉంటుందో ఆలోచించి చేసిన వస్తువు అది.

తర్వాత ఆర్మాలైట్ కంపెనీ 1950లలో ఏఆర్-5 చేసింది. దాన్ని వైమానిక దళం 1956లో ఆమోదించినా, పాత రకాలు గోదాముల్లో ఉండగా కొత్తవి ఎందుకని పెద్దగా కొనలేదు. అదే ఆలోచనతో 1959లో మామూలు జనం కోసం పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటాతో ఏఆర్-7 వచ్చింది. గీసినవాడు యూజీన్ స్టోనర్. ఏఆర్-15కి మూలమైన ఏఆర్-10 గీసింది కూడా ఆయనే. ఏఆర్-7 గొట్టం, యంత్రం, తూటాలు పెట్టే మ్యాగజైన్, అన్నీ విప్పి లావుపాటి ప్లాస్టిక్ బట్‌లో పెట్టేసి మూత వేయొచ్చు. అలా సర్దితే నీళ్లలో తేలుతుంది. సరస్సులో దిగేవాడికి అది చిన్న విషయం కాదు.

రష్యావాళ్ల కథ ఇంకోటి. 1965లో వోస్ఖోద్-2 నౌకలో వెళ్లి మొదటిసారి అంతరిక్షంలో నడిచిన లియొనోవ్, తోటి వ్యోమగామి బెల్యాయెవ్ దిగాల్సిన చోట దిగలేక, మంచు కప్పిన టైగా అడవిలో పడ్డారు. వాళ్లకి చేరువ కావడానికే మనుషులకి చాలాసేపు పట్టింది. ఆ అనుభవం తర్వాత వ్యోమగాముల కోసం టీపీ-82 అని మూడు గొట్టాల పిస్తోలు తయారైంది. దాని బట్ విప్పితే అదే పెద్ద కత్తి. 1986 నుంచి సోయుజ్ నౌకల్లో పంపారు. మన రాకేశ్ శర్మ వెళ్లింది 1984లో, అంటే అది రాకముందే. హైదరాబాద్‌లో చదువుకున్న మనిషి కాబట్టి ఆయన పేరు ఎక్కడ కనిపించినా నా చూపు ఆగుతుంది.

ఇదంతా చదివాక ఒక సంగతి తేలింది. ఇవేవీ ఎలుగుని ఆపడానికి చేసినవి కావు. చిన్న పక్షినో, కుందేలునో కొట్టి, నాలుగు రోజులు ఎక్కువ బతకడానికి చేసినవి. తమ్ముడికి అదే చెప్పాను. "నీ సంచిలోది ఆకలికి. ఎలుగుకి వేరే ఏర్పాటు చెయ్యి. ఆ రెండూ కలపకు."

ఎలుగు సంగతి త్వరగానే తేలింది. అలాస్కాలో గోధుమరంగు ఎలుగు, నల్ల ఎలుగు రెండూ ఉన్నాయి. పాయింట్ 22 తూటాతో గోధుమ ఎలుగుని కొడితే దానికి కోపం తెప్పించినట్టే. అక్కడ చాలామంది నడుముకి మిరప ఘాటు స్ప్రే డబ్బా పెట్టుకుంటారు. టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో మరికొందరితో కలిసి 1985 నుంచి 2006 దాకా అలాస్కాలో జరిగిన సంఘటనలు పరిశీలించి 2008లో ప్రచురించారు. గోధుమ ఎలుగుల విషయంలో నూటికి 92 సార్లు స్ప్రే పని చేసింది. స్ప్రే దగ్గరున్నవాళ్లలో నూటికి 98 మందికి దెబ్బ తగల్లేదు. ఆ లెక్క చదివి అమ్మకి కూడా చెప్పాను. అయితే ఆ డబ్బా సంచిలో ఉంటే దండగ, చేతికి అందేచోట ఉండాలి. విమానం ఎక్కేముందు పైలట్‌కి చెప్పి, మనుషులు కూర్చునే చోట కాకుండా బయట, విమానం కింద నీళ్లలో తేలడానికి ఉండే తొట్ల అరలో పెట్టించాలి. ఎగురుతుండగా లోపల పేలితే పైలట్‌కి కళ్లు కనపడవు.

ఇక ఆకలి లెక్క. ఇది నేను చేసిన పనిలో నాకు బాగా నచ్చినది.

ఇప్పుడు దొరికే ఏఆర్-7 బరువు మూడున్నర పౌన్లు, అంటే దాదాపు 1,590 గ్రాములు. యాభై తూటాలు ఇంకో 170 గ్రాములు. మొత్తం 1,760. ఇదే బరువుకి వేరుశనగ పప్పు తీసుకుంటే? వంద గ్రాములకి 560 క్యాలరీల పైనే. అంటే 1,760 గ్రాముల పప్పులో దాదాపు పదివేల క్యాలరీలు. కొండలెక్కే మనిషికి రోజుకి మూడు వేలు అనుకుంటే మూడు రోజులు దాటుతుంది. అదే అక్కడి మంచు కుందేలు ఒకటి కొడితే, మాంసం ఆరేడు వందల గ్రాములు, క్యాలరీలు ఏడెనిమిది వందలు. పప్పుతో సమానం కావాలంటే పన్నెండు పధ్నాలుగు కుందేళ్లు కొట్టాలి. అవి దొరకాలి, గురి కుదరాలి, అందుకు తిరిగిన తిరుగుడికి ఖర్చయ్యే శక్తిని ఇంకా లెక్కలో వేయనే లేదు. పైగా కుందేలు మాంసంలో కొవ్వు ఉండదు. వరసగా అదే తింటే కడుపు నిండినా మనిషి నీరసించి, విరేచనాలు పట్టుకుని పడిపోతాడు. ఉత్తరాది మంచు ప్రాంతాల్లో తిరిగినవాళ్లు దీన్ని ఎప్పుడో గుర్తించారు.

అందుకని తమ్ముడితో, "మూడు నాలుగు రోజుల ఆలస్యానికి అయితే రైఫిల్ వద్దు, అమ్మ చేసే సున్నుండలు చాలు. అంతకు మించి ఆగాల్సి వస్తుందనుకుంటేనే రైఫిల్‌కి అర్థం ఉంది" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, పోయినసారి వాడి స్నేహితులని పొగమంచు ఎనిమిది రోజులు ఆపిందని చెప్పాడు. సరే, అయితే రెండూ. సున్నుండలు మొదటి నాలుగు రోజులకి, రైఫిల్ ఆ తర్వాతికి. మినుము, బెల్లం, నెయ్యి. కుందేలు మాంసంలో లేనిది నేతిలో ఉంది.

తర్వాత మూడు నమూనాలు మిగిలాయి. ఒకటి మడిచే ఒంటి తూటా రైఫిల్. 1,300 గ్రాములు. బట్ బదులు ఇనుప తీగ చట్రం. రెండోది ఏఆర్-7 రకం, సర్దితే పదహారున్నర అంగుళాలు. మూడోది రూగర్ 10/22 టేక్‌డౌన్. 10/22 రైఫిల్ 1964 నుంచి ఉంది. మధ్యలో విడిపోయే టేక్‌డౌన్ రకం 2012లో వచ్చింది. 2,100 గ్రాములకి పైన. పది తూటాల గుండ్రటి మ్యాగజైన్. కాల్చడానికి ఈ మూడింట్లో మంచిది ఇదేనని చూసినవాళ్లంతా అంటారు, నాకూ అలాగే అనిపించింది. ఎం6 తరహా రెండు గొట్టాలది ముందే వదిలేశాను. పాయింట్ 410 తూటా ఒక్కోటి పాయింట్ 22 కంటే ఆరేడు రెట్లు బరువు. తుపాకీ బరువు చూసి మురిసిపోయి తూటాల బరువు మర్చిపోకూడదు.

తమ్ముడి మనసు రూగర్ మీద. నాది ఎటూ తేలలేదు. బొమ్మలు చూసి, సంఖ్యలు చదివి తేల్చే విషయం కాదనిపించింది. అందుకని ఒక ఆదివారం షాపులో మామిడి చెక్క తీసుకుని మూడు దిమ్మలు చేశాను. ఆయా రైఫిళ్లు సర్దినప్పుడు ఎంత పొడవు, ఎంత మందం ఉంటాయో అంతే. లోపల బెజ్జాలు వేసి ఇనుప కడ్డీ ముక్కలు దిగ్గొట్టి, మా తూకం మీద పెట్టి 1,300, 1,600, 2,100 గ్రాములకి సరిచేశాను. సంచిలో మిగతా సామాను పదమూడు కిలోలు. ఆ వారం పొద్దున్నే మాధవధార నుంచి సింహాచలం కొండ మెట్ల దారిలో ఒక్కో దిమ్మతో ఒక్కో రోజు ఎక్కాను.

గంటసేపటికి 1,300కీ 1,600కీ తేడా నాకు తెలియలేదు. 2,100 తెలిసింది, అదీ బరువుగా కాదు. అది పొడుగ్గా రెండు ముక్కలుగా ఉండటంతో సంచి బయట పక్క జేబులో పెట్టాల్సి వచ్చి, ఒక భుజం లాగింది. 1,600 దిమ్మ సంచి లోపల వీపుకి ఆనుకుని సరిగ్గా సర్దుకుంది. వీపుకి దగ్గరగా ఉన్న బరువు బరువే కాదని మా కొండల స్నేహితులు అంటుంటారు. ఆ మాట ఆ రోజు మళ్లీ రుజువైంది.

ఏప్రిల్ చివర్లో రెండు రోజుల ప్రయాణానికి 1,600 దిమ్మ తీసుకెళ్లాను. పాడేరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆర్మకొండ. 1,680 మీటర్లు, తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరాల్లో ఒకటి. రాత్రి వాన పడింది. పొద్దున్న సంచి అడుగున తడి. దిమ్మ ఉబ్బింది. అది చెక్క కాబట్టి ఉబ్బింది, ఇనుమైతే తుప్పు పట్టేది. తొమ్మిది రోజులు తడిలో ఉండే ఇనుప గొట్టానికి కప్పు ఎంత అవసరమో ఆ తడి దిమ్మని చేత్తో పట్టుకున్నాకే నాకు ఒంటబట్టింది. మూడింట్లో గొట్టాన్నీ యంత్రాన్నీ లోపల మూసిపెట్టేది ఏఆర్-7 ఒక్కటే. తిరిగి వచ్చిన రాత్రే తమ్ముడికి ఫోన్ చేశాను. "కారులో వేసుకుని వెళ్లేదైతే రూగరే కొను, రెండో మాట లేదు. వీపు మీద మోసి, సరస్సులో దిగి, వానలో ఉండేదైతే ఏఆర్-7."

వాడు వెంటనే ఒప్పుకోలేదు. దాని బట్ లావు, ట్రిగ్గర్ బిగువు, కొన్ని రకాల తూటాలు లోపలికి సరిగ్గా వెళ్లవని విన్నాడు. అవన్నీ నిజమే. ఈ నమూనాకి గుండ్రటి ముక్కున్న, 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల), వేగమైన తూటా కావాలి. చదును ముక్కువీ, నెమ్మదివీ పెడితే ఇరుక్కుంటుంది. "మూడు రకాలు కొని, రేంజ్‌లో కాల్చి, ఇరుక్కోనిదే తీసుకెళ్లు" అన్నాను. అంతకు మించి దానికి మందు లేదు.

మధ్యలో నేను ఇక్కడ ఒక షూటింగ్ రేంజ్‌కి కూడా వెళ్లాను. ఎయిర్ రైఫిల్, పది మీటర్లు. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. అక్కడ నేర్పే ఆయన నా మాట విని, "ముందు మామూలుగా ఐదు కాల్చండి. తర్వాత కిందికి దిగి మూడుసార్లు మెట్లెక్కి వచ్చి ఐదు కాల్చండి" అన్నారు. మొదటి ఐదూ ఒక రూపాయి బిళ్ల అంత మేరలో పడ్డాయి. రెండో ఐదూ అరచేతి మేరలో చెల్లాచెదురయ్యాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా గొట్టం కదలడం కళ్లతో చూశాను. అలిసిపోయి, ఆకలితో, వణుకుతూ కాల్చేవాడికి ఇది ఎంత కష్టమో ఆలోచించండి. నిలబడి కాల్చొద్దు, సంచి మీద ఆనించి కాల్చు, పది పన్నెండు మీటర్లకి దగ్గరగా వెళ్లు అని తమ్ముడికి రాసి పంపాను.

ఈ దిమ్మల సంగతి తెలిసి మా కొండల గుంపులో ఒకరిద్దరు, "మనకీ ఒకటుంటే?" అన్నారు. వాళ్లకి చెప్పిందే ఇక్కడా రాస్తాను, ఎందుకంటే మన దగ్గర ఈ పొరపాటు ప్రమాదకరం. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకోవడం నేరం. విశాఖ నగరంలో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్. రక్షణకో క్రీడకో ఇచ్చే లైసెన్సు గురించి ఆ చట్టం పేరుపెట్టి చెప్పేది ముఖ్యంగా నున్నటి గొట్టం తుపాకీ గురించి, గొట్టం పొడవు ఇరవై అంగుళాలకి తగ్గకూడదు. పాయింట్ 22 రైఫిల్ గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్ సభ్యులకి, గురి సాధన కోసం. సంచిలో పట్టే అడవి రైఫిల్ అనే మాటే ఆ చట్టంలో లేదు. పైగా 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ వెళ్లకూడదు. ఆ చట్టంలో ఆయుధం అంటే తుపాకీ ఒక్కటే కాదు. విల్లమ్ములు, వలలు, ఉచ్చులు, కత్తులు కూడా. నగరాన్ని ఆనుకునే ఉన్న కంబాలకొండ అభయారణ్యంలోకి పెద్ద కత్తి తీసుకెళ్లినా ఇదే వర్తిస్తుంది. లైసెన్సు అక్కర్లేని చిన్న ఎయిర్‌గన్‌కీ అంతే.

మన కొండల్లో అసలు ప్రమాదం పాము. అందుకు కావాల్సింది చీలమండ దాటే బూటు, టార్చిలైటు, రాత్రిపూట చేత్తో తడుముకోకపోవడం, కరిస్తే కదలనివ్వకుండా మోసుకెళ్లే నలుగురు. కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరగలమో, దారిలో యాంటీవెనమ్ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో బయల్దేరే ముందే తెలుసుకోవాలి. రైఫిల్‌కి పెట్టే ఆలోచన అంతా ఇక్కడ దీని మీద పెట్టండి.

తమ్ముడి దగ్గర ఇంకో పరికరం ఉంది, ఉపగ్రహం ద్వారా సందేశం పంపేది. వంద గ్రాములు. నా లెక్కలో ఆ సంచిలో అన్నిటికంటే ముందు పెట్టాల్సింది అదే, రైఫిల్ దాని తర్వాత. జనవరిలో ఇక్కడికి వచ్చేటప్పుడు దాన్ని కూడా తెచ్చి మా కొండల్లో వాడదామన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటివి మన దేశంలోకి తెస్తే విమానాశ్రయంలోనే కేసు అవుతుంది. విదేశాల నుంచి వచ్చినవాళ్లు తెలియక తెచ్చి అరెస్టయిన సందర్భాలున్నాయి.

జూన్‌లో వాడు ఏఆర్-7 రకమే కొన్నాడు. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి వీలైంది. వీసా మీద ఉన్నవాళ్లకి అక్కడ తుపాకీ పెట్టుకోవడం మామూలుగా నేరమే, కొద్దిపాటి మినహాయింపులు తప్ప. దుకాణంలో ఫారం నింపాడు, నేర చరిత్ర తనిఖీ జరిగింది, తర్వాతే ఇచ్చారు. అలాస్కా నివాసిగా వేట లైసెన్సు కూడా తీసుకున్నాడు. ఆకలి వేసిందని లైసెన్సు లేకుండా పక్షిని కొట్టడం వాడి పద్ధతి కాదు, నాదీ కాదు.

కొన్నాక మొదటి మాటగా నేనడిగింది ఒకటే. "పాపకి ఆరేళ్లు. ఎక్కడ పెట్టావు?" విడదీసి బట్‌లో పెట్టి మూత వేశానన్నాడు. అది దాచడం, తాళం వేయడం కాదు. పనిముట్లేమీ లేకుండా నిమిషంలో బిగించేలా చేశారు కాబట్టే దాన్ని కొన్నాం. పెద్దవాడికి సులువైనది పిల్లకీ సులువే. ఆ రోజే తాళం పెట్టె కొనిపించాను. తూటాలు వేరే పెట్టెలో, వేరే గదిలో. మరదలికి ఫోన్ చేసి ఆ రెండు తాళాలూ ఒకే గుత్తిలో ఉండకూడదమ్మా అని చెప్పాను. ఆ అమ్మాయి నాకంటే ముందే ఆ ఆలోచన చేసింది.

రేంజ్‌లో మూడు వందల తూటాలు కాల్చాడు. మూడు రకాల్లో ఒకటి ఇరవైకి ఒకసారి ఇరుక్కుంది. ఇంకోటి బాగానే వెళ్లింది గానీ గురిపెట్టిన చోట పడలేదు. మూడోది కుదిరింది. నేను వాడికి ఇంకొక పని చెప్పాను. మా షాపులో ఏ నట్టు బిగించినా, నట్టు మీదుగా ప్లేటు దాకా ఒక పెయింట్ గీత గీస్తాం. తర్వాత ఎప్పుడు చూసినా గీత తెగి ఉంటే నట్టు కదిలినట్టు. ఈ రైఫిల్ గొట్టం చివర గురి చూసుకునే పుల్ల, అంటే ముందు గురిపుల్ల, గాడిలో పక్కకి జరిపి సరిచేసుకునేది. గొట్టాన్ని రోజూ బట్‌లోకి తోస్తూ తీస్తూ ఉంటే అది జరగొచ్చు. గురి చూసే వెనక రంధ్రానికీ ముందు పుల్లకీ మధ్య దూరం సుమారు అర మీటరు. పుల్ల అర మిల్లీమీటరు జరిగితే, పాతిక మీటర్ల దూరంలో తూటా పాతిక మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. పక్షి తల అంతకంటే పెద్దగా ఉండదు. అందుకని గురి కుదిరాక పుల్ల మీదుగా గొట్టం మీదకి గీత గీయమన్నాను. మరదలి ఎర్ర గోళ్లరంగుతో గీశాడు.

సున్నుండలు జూలైలో అటు వెళ్తున్న తెలిసినవాళ్ల అమ్మాయి చేతికిచ్చి పంపాం. అమ్మ మినుములు తనే వేయించి, రెండు కిలోలు చేసింది.

ఆగస్టులో వాళ్లు వెళ్లారు. ఆ తొమ్మిది రోజులూ సాయంత్రానికి ఒక చిన్న సందేశం వచ్చేది, బాగున్నాం అని. తొమ్మిదో రోజు, పొగమంచు, విమానం రాలేదు అని వచ్చింది. పదో రోజూ అదే. పదకొండూ, పన్నెండూ అదే. అమ్మ టెన్షన్ చూడలేక నేను ఉపగ్రహ చిత్రాల్లో మబ్బులు చూస్తూ కూర్చున్నాను. పద్నాలుగో రోజు మధ్యాహ్నం విమానం వెళ్లింది.

వాడు ఇల్లు చేరి మర్నాడు మాట్లాడాడు. సున్నుండలు పన్నెండో రోజు సాయంత్రానికి అయిపోయాయి. పదమూడో రోజు పొద్దున్న రైఫిల్ బిగించాడు. అక్కడ స్ప్రూస్ చెట్ల మీద ఉండే గ్రౌజ్ అనే పక్షి ఉంటుంది, మన అడవికోడి జాతికి దూరపు చుట్టం. మనిషిని చూసినా ఎగరకుండా కూర్చునే గుణం దానిది. పన్నెండు అడుగుల ఎత్తు కొమ్మ మీద ఒకటి కనిపించింది. మోకాలి మీద కూర్చుని, సంచి మీద ఆనించి గురి చూడబోతే, ముందు పుల్ల దగ్గర ఎర్ర గీత తెగి కనిపించిందట. పుల్ల ఒక వెంట్రుకవాసి పక్కకి ఉంది. కాల్చకుండా దించి, ఒక కర్ర ముక్క పెట్టి చిన్న రాయితో రెండు దెబ్బలు కొట్టి, గీత కలిసేదాకా జరిపాడు. పక్షి అక్కడే ఉంది. ఒకే తూటా.

ఇద్దరూ దాన్ని ఉడకబెట్టుకుని తిన్నారు. ఉప్పు లేదట. గిన్నె అడుగున సున్నుండల పొడి ఉంటే అది కూడా అందులోనే పోశారట.

తూటాలు నలభై తొమ్మిది తిరిగొచ్చాయి. రైఫిల్ ఫొటో పంపాడు. బిగించి ఒక రాయి మీద పెట్టాడు, ముందు గురిపుల్ల దగ్గర ఎర్ర గీత నిటారుగా, ఒక్క ముక్కగా ఉంది. ఆ ఫొటో పెద్దది చేసి గీత అంచులు చూశాను. బాగా కలిపాడు. వచ్చే ఏడాదికి మాత్రం గోళ్లరంగు సరిపోదు, చలికి పగులుతుంది. మా షాపులో వాడే పెయింట్ ఏ దుకాణంలో దొరుకుతుందో యాంకరేజ్‌లో వెతకమన్నాను.